రాని వాళ్ళకు ఒక చెంబు

1976 డిసెంబరు 25, శనివారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. గంట ఎందుకు అంత ఖచ్చితంగా తెలుసంటే, మా వాడ మొత్తానికి ఒకటే చేతి గడియారం. అది సంఘపెద్ద దావీదప్పది. ఆరాధన ముగిసిందని చెప్పే ముందు ఆయన దాన్ని చూసి గంట ఎంతయిందో అందరికీ వినపడేలా చెప్పేవాడు. చర్చి ముందు బండల మీద పెద్ద రాగి డేగిసా ఉంది. దాని నిండా పండ్ల సరబత్తు. మూత, మూత మీద తడిగుడ్డ. చుట్టూ మా తొమ్మిది ఇండ్ల మనుషులం, ఒకాయన తప్ప ఎవరి లోటా వాళ్ళ చేతిలో. ఒక్కరూ లోటా ముందుకు చాపలేదు. గరిటె పట్టుకుని నిలబడిన ఆయమ్మ మా మొహాలు ఒక్కొక్కటే చూస్తూ ఉంది.

ఆయమ్మను పిలుచుకొచ్చింది నేను.

ఇన్నేండ్ల తర్వాత ఇది ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న క్రిస్మస్‌కు మా చర్చి పిల్లలు ప్లాస్టిక్ టబ్బులో సీసాల రసాలు, సోడా కలిపి, టబ్బుకు ఫ్రూట్ పంచ్ అని ఒక కాగితం అంటించారు. నేను కాగితం చదివాను. చదువు నాకు నలభై దాటినాక వచ్చింది కాబట్టి కనపడిన ప్రతి కాగితమూ చదువుతాను. ఒక గ్లాసు తాగాను. తీపి ముందే వచ్చి నాలుక మీద కూర్చుంది. ఇంకేమీ రాలేదు. గ్లాసు కింద పెట్టేలోగా ఆయమ్మ గొంతు వినపడింది.

"పులుపు ముందర పలకరియ్యల్ల మే. తీపి ఎనకాల రావల్ల. తీపి ముందరొచ్చిందంటే, కలిపినోడు ఏదో కుళ్ళిన పండు దాస్తాండాడని తెలుసుకో."

మేమిద్దరం ఆదోనిలో ఒక పత్తి మిల్లులో పని చేశాం. గింజ తీసే మిషను దగ్గరికి పోయే ముందు పత్తిలో ఆకు, కాయతొక్కు, మన్ను ఏరి పారేసే పని. ఆడవాళ్ళం బారుగా కూర్చునేవాళ్ళం. ఆయమ్మ నాకంటే ఇరవై ఏండ్లు పెద్దదై ఉంటుంది. సన్నగా, నల్లగా, కూర్చున్నా నిటారుగా ఉండేది. ముక్కు మీద దూది అంటుకున్నా తుడుచుకునేది కాదు. "మళ్ళా పడేదే కదా, ఏంటికి తుడిసేది" అనేది. సాయిబుల ఇండ్లలో పెద్ద ఆడవాళ్ళను మా వైపు బూబమ్మా అని పిలుస్తారు. మా మిల్లులో బూబమ్మలు నలుగురు. ఈమె సరబత్తు బూబమ్మ.

ఆమె మొగుడు ఆదోని బజారులో సరబత్తు బండి తోసేవాడట. ఆయన పోయినాక బండి పోయింది, డేగిసా మిగిలింది, పని ఆమె చేతికి వచ్చింది. పెండ్లికి పిలిచినా, ఉరుసుకు పిలిచినా, పీర్ల పండుగకు పిలిచినా పోయి కలిపి వచ్చేది. పైసా ముట్టేది కాదు. పండ్ల తొక్కలు మాత్రం తనవే. చీనీకాయ తొక్కలు, కమలా తొక్కలు కొంగులో మూట కట్టుకుని పోయి, ఎండబెట్టి, దంచి, ఆ పొడి తలకు రుద్దుకునేది. మిల్లులో మనిషికి మనిషి కనపడనంత దుమ్ము లేస్తున్నా, ఆమె పక్కన కూర్చుంటే చీనీతోటలో కూర్చున్నట్టు ఉండేది.

నేను పనిలో చేరిన రోజు నా నీళ్ళ చెంబు పక్కన ఎవరూ కూర్చోలేదు. మేము ఏ వాడ వాళ్ళమో అడక్కుండానే తెలుసుకుంటారు జనం. ప్రభువును నమ్ముకున్నాం గానీ మన కుండ మారలేదు, అనేది మా అత్త. ఆ మధ్యాన్నం ఆయమ్మ బారులోంచి లేచి వచ్చి చెయ్యి చాపింది.

"ఆ నీళ్ళిట్లియ్యి మే."

చెంబు ఎత్తి గటగటా తాగింది. తాగి మూతి తుడుచుకుని, "మీ ఊరి నీళ్ళు కొంచెం ఉప్పు. సరబత్తుకు పనికిరావు" అంది.

నాకు కోపం వచ్చింది. ఇంటికి పోయినాక ఏడుపు వచ్చింది. అది ఎందుకో మా అత్తకు చెప్తే ఆమె ముందు నా కండ్లు తుడిచింది. తర్వాత, "క్రిస్మస్‌కు పిలువు ఆమెను" అంది.

మా ఊరు ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో ఉంది. అంతకుముందు మా క్రిస్మస్‌కు బెల్లం నీళ్ళే. బెల్లంలో ఇసుక ఎంత ఉంటే అంత మా కడుపులోకి పోయేది. 1973లో ఆయమ్మ మొదటిసారి వచ్చింది. డేగిసా నెత్తి మీద పెట్టుకుని బస్సు దిగింది. దిగీ దిగగానే అడిగింది.

"ఇంటికొక పండు అని సెప్పినా, సెప్పినావా అందరికీ?"

అది ఆమె కట్టడి. ఇంటికొక పండు రావాలి. ఎవరు ఏది తెచ్చినా సరే. ఆ రోజు ఒకరు జామకాయలు తెచ్చారు, ఒకరు అరటిపండ్లు, ఒకరు తోటలో కూలికి పోయి అడుక్కొచ్చిన చీనీకాయలు. దావీదప్ప ఎమ్మిగనూరు సంతలో కమలాలు కొన్నాడు. హనుమంతు అనే ఆయన ఒకే ఒక్క దానిమ్మ కాయ తెచ్చాడు, అదీ ఒక పక్క దెబ్బ తిన్నది. అందరూ నవ్వారు. ఆయమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుని, చెడిన పక్క గోటితో గిల్లి పారేసి, "పండును పండు సరిసేస్తాది" అంది. ఏమీ లేని ఇంటివాళ్ళు నిమ్మకాయ అయినా తేవాల్సిందే. ఇయ్యని ఇల్లు ఉంటే సరబత్తు ఒంటికాలి మీద నిలబడతాదంట.

నీళ్ళు మా బావివి కావు. ముందురోజే కాలువ నీళ్ళు తెచ్చి, కొత్త కుండల్లో పోసి, చిల్లగింజ అరగదీసి తేర్చి పెట్టాలి. బెల్లం కరిగించి పలచటి గుడ్డలో మూడుసార్లు వడగట్టేది. డేగిసా లోపల కళాయి పూత ఎక్కడైనా పోయిందేమోనని వేలితో అంతా తడిమేది. "పులుపుకు రాగి తగిలితే సరబత్తు కాదు, చిలుము" అనేది. కత్తి ముట్టేది కాదు. చీనీ, కమలా తొనలు వలిచి చేత్తోనే పిసికేది, జామకాయ రాతితో చితక్కొట్టేది. దానిమ్మ గింజలు మాత్రం అట్లే వేసేది, నోటికి తగలాలని. నానిన సబ్జా గింజలు, నాలుగు మిరియాలు, చిటికెడు ఉప్పు, చివరికి అరటిపండు.

రుచి చూడటం కూడా ఆమెది ఒక తీరు. గరిటెతో ఒక చుక్క ఎడమ చేతి వెనక వేసుకుని నాకేది. అరచేతిలో వేసుకుంటే చేతి ఉప్పు కలిసి అబద్ధం చెప్తుందట. నాకి, కండ్లు మూసుకుని, పైకి లెక్కబెట్టేది. ఒకటి, రెండు, మూడు. మూడుకు తీపి రావాలి. ముందే వస్తే నిమ్మకాయ పిండేది. రాకపోతే బెల్లం నీళ్ళు పోసేది. అంతా అయినాక నన్ను అడిగేది, "ఎంతమంది తాగుతారు?" నేను చెప్పేదాన్ని. అందరికీ సరిపోయేంత ఉన్నా, పక్కన పెట్టుకున్న కాలువ నీళ్ళలో ఒక చెంబు ముంచి, ఇంకొంచెం బెల్లం నీళ్ళతో కలిపి పోసేది.

"ఇది రానోళ్ళకి."

ఆలస్యంగా వచ్చేవాళ్ళకేమో అనుకున్నాను. తర్వాత ఇంకో చెంబు పోసేది, దానికి ఏమీ చెప్పేది కాదు. పోసి, డేగిసా మీదికి వంగేది. మొహం సరబత్తుకు జానెడు దూరంలో ఉండేది. పెదాలు కదిలేవి. మాట బయటికి వచ్చేది కాదు. కొంతసేపటికి లేచి మూత పెట్టి తడిగుడ్డ కప్పేది. నేను మొదటి ఏడు చూశాను, రెండో ఏడు చూశాను. అడగలేదు. పెద్దవాళ్ళ చాదస్తం అనుకున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. డిసెంబరు నెల రాగానే మిల్లులో పత్తి ఏరుతూ అడిగేది.

"ఈ ఏడు మీ వాడలో ఎవరెవరు పోయినారు మే?"

నేను చెప్తే, మళ్ళీ చెప్పమనేది. ఎట్ల పోయినారు, ఏమేమి తినేవాళ్ళు, అన్నీ అడిగేది. చావుల మీద ఇంత ఆశ ఏమిటో ఈమెకు అనుకునేదాన్ని.

1976లో పీర్ల పండుగ దినాలు, క్రిస్మస్ ఒకే వారంలో పడ్డాయి. పీర్ల పండుగకు ఆమె కలిపేది వేరే సరబత్తు. అందులో పండు ఉండదు. బెల్లం, సోంపు, మిరియాలు, అంతే. "అది ఏడ్సే సరబత్తు, మీది నవ్వే సరబత్తు" అనేది. వాళ్ళ గేరిలో, అంటే వాళ్ళ వీధిలో, ఆ సరబత్తు కలిపే హక్కు ఆమె మొగుడిది, ఆయన తర్వాత ఆమెది. గేరి పెత్తనం మాత్రం ఆమె మరిదిది. ఆ హక్కంటే ఆమెకు ప్రాణం. అది తెలుసు కాబట్టి నేనే అన్నాను.

"ఈ ఏడు రావద్దులే బూబమ్మా. మీ పండుగ కదా."

"పండుగ కాదు మే. పది దినాలు దుఃఖం."

"అదే నేననేది. మీ మరిది ఏమంటాడో."

"అననీ. ఆ పది దినాల్లో నవ్వే సరబత్తు కలపనీకి పోతే, పీర్ల సరబత్తు ఇంకొకరు కలుపుతారంటాండాడు. వానికి నోరుండాది, నాకు కాళ్ళుండాయి. మాటిచ్చినాను, వస్తా."

మొదటి బస్సుకు వచ్చింది. ఎప్పుడూ ఎర్రగా ఉండే నోరు ఆ రోజు తెల్లగా, ఎండిపోయి ఉంది. పది రోజులు తాంబూలం ముట్టదట. చేతికి పచ్చ దారం. పండ్లు పిసికింది, గింజలు వేసింది, అన్నీ ఎప్పటి మాదిరే చేసింది. రుచి చూసే వేళకు మాత్రం గరిటె ఎత్తి నా వైపు చూసింది.

"నీ ఎడమ చెయ్యి తిప్పు మే. ఈ దినాల్లో నేను నోట్లో ఏసుకోను."

చుక్క నా చేతి వెనక పడింది. నాకాను.

"పులుపు ముందర వచ్చిందా?"

"వచ్చింది."

"తీపి?"

"ఎనక వచ్చింది."

"ఎంత ఎనక?"

"మా అత్త చర్చికి వచ్చేంత ఎనక."

నోరు తెరవకుండా భుజాలతో నవ్వింది. తర్వాత రెండు చెంబులు పోసి డేగిసా మీదికి వంగింది. ఆ ఏడు చాలాసేపు వంగే ఉంది. చర్చిలో ఆఖరి పాట పాడుతున్నారు. తలుపు పక్కనే నిలబడిన దావీదప్ప అదంతా చూశాడు.

దావీదప్ప చెడ్డవాడు కాదు. మా చర్చికి కప్పిన బండల్లో సగం ఆయన భుజం మీద వచ్చినవే. చదువు కొంచెమే గానీ విన్న వాక్యం ఒక్కటీ మర్చేవాడు కాదు. వేరే వాళ్ళ ప్రార్థన చేసిన ఆహారం ముట్టకూడదని ఆ ఏడాదే ఎమ్మిగనూరు సువార్త కూటాల్లో ఎవరో చెప్పగా విని వచ్చాడు. ఆరాధన అయిపోయింది. గడియారం చూసి గంట చెప్పాడు. బయటికి వచ్చి మా అందరికీ అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమి సదివినావు బూబమ్మా దాని మీద?"

"ఏమీ సదవలేదప్పా. నాకు సదువొస్తే మిల్లులో సెత్త ఏరతానా?"

కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"నోరు మెదిలింది, నేను సూసినా. మీ దినాలు ఇవి. ఫాతెహా సదివింటావు. తప్పని అనలేదు. సదివింటే మేము తాగగూడదు, అంతే."

"ఫాతెహాకు మా గేరిలో ముల్లా వస్తాడు. నాకు రాదు."

"మరి ఏమి?"

"సెప్పను."

ఆ ఒక్క మాటతో చెడింది. వెనక నుంచి రూతమ్మ అంది, "ఆమె గూడా ముట్టలేదు. ప్రతి ఏడూ నాకి సూస్తాండె. ఈ పొద్దు ఈ పిల్ల సేతి మీద ఏసింది."

అందరూ నన్ను చూశారు. చేతుల్లోని లోటాలు కిందికి దిగాయి. చూపు లేని ముసలి బజారమ్మ మాత్రం లోటా పట్టుకునే ఉంది. "పోస్తాండారా లేదా" అని పక్కవాళ్ళను అడిగింది.

మా అత్త సుంకమ్మ ముందుకు వచ్చింది. దావీదప్పను ఆమె ఎత్తుకుని తిప్పింది చిన్నప్పుడు.

"ఒరే దావీదూ, మన సేతి నీళ్ళు ముట్టనోళ్ళను పుట్టినకాడి నుంచి సూస్తాండాం. ఈ పొద్దు మనం ముట్టకుండేదానికి గూడా ఒకరు దొరికినారు. సంతోషమేనా?"

"అది వేరే, ఇది వేరే, పెద్దమ్మా."

"వేరే అని నీళ్ళకు తెలీదు నాయనా."

దావీదప్ప మొహం మాడింది. అయినా పక్కకు జరగలేదు. "ఏమి అనిందో సెప్పమను. సెప్తే నేనే ముందు తాగుతా."

ఇప్పుడు నా సంగతి రాయాలి. ఆ ముసలామె పక్కన నిలబడి, ఈమె మంచిది, నేను ఎరుగుదును అని ఒక్క మాట అనాల్సింది నేను. నా చెంబు ఎత్తి తాగిన మనిషి. నా కోసం పీర్ల సరబత్తు పోగొట్టుకుని వచ్చిన మనిషి. నేను అన్నది ఏమిటంటే, "సెప్పెయ్యరాదా బూబమ్మా, ఏంటికీ మొండితనం?"

ఆయమ్మ నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. మిల్లులో చెడిన పత్తికాయను చూసి పక్కన పెట్టేటప్పుడు అట్లాగే చూసేది.

తడిగుడ్డ తీసింది. మూత తీసి బండ మీద పెట్టింది. మాకు చెప్పలేదు, డేగిసాకు చెప్పింది, కానీ అందరికీ వినపడేలా.

"తిక్కమ్మ. ఎద్దు పొడిసిన ఈరన్న. కాన్పులో పోయిన శాంతి. కాలవలో పోయిన దేవదానం."

ఒక్కో పేరుకూ ఒక్కో ఇంటివాళ్ళు కదిలారు. దేవదానం తల్లి ఎల్లమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. ఆ మూడేండ్లలో మా వాడలో పోయినవాళ్ళు వాళ్ళు. మిల్లులో పత్తి ఏరుతూ నేను చెప్పిన పేర్లు.

"ఉరుకుందమ్మ" అంది ఆయమ్మ. అది దావీదప్ప తల్లి పేరు. ఆ ఏడు జొన్న కోతలప్పుడు పోయింది. ఆయమ్మ ఆయన వైపు తిరిగింది. "రెండో లోటా నీకు తెలీకుండా తాగుతాండె. ఆమెకు గొంతు మంట, తీపి వద్దని నువ్వు అంటాండావంట. ఈ ఏడు ఆమె రాలేదు. ఆమె లోటా నేను పోసినా."

గరిటె అంచున వేలాడుతున్న చుక్కను ఆమె వేలితో తుడిచింది.

"నా మొగుడు సరబత్తు బండోడు. ఊరందరి దప్పికా తీర్సినాడు. ఆఖరికి ఆసుపత్రిలో నీళ్ళు నీళ్ళని అడిగితే నేను ఇయ్యలేదు. ఇయ్యొద్దన్నారు, ఇయ్యలేదు. గొంతెండి పోయినాడు. అప్పుటి నుంచి పోయినోళ్ళ పేరు సెప్పకుండా ఎవరికీ సుక్క పొయ్యలేదు నేను. మా ఇంటికాడైనా అంతే, మీ ఇంటికాడైనా అంతే. అది నీళ్ళకే సెప్పల్ల, మనుషులకు సెప్పగూడదు. ఈ పొద్దు సెప్పిస్తిరి."

దావీదప్ప గడియారం ఉన్న చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. సంఘపెద్ద గొంతు కాకుండా ఇంకేదో గొంతుతో అన్నాడు.

"మా సిన్నోని పేరు రాలేదు."

వానల్లో పుట్టి ఎనిమిది దినాలకు పోయిన బిడ్డ. ఆ బిడ్డ గురించి మా వాడలో ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు.

"పేరు పెట్టలేదు కదప్పా" అంది ఆయమ్మ.

"పెట్టలేదు."

"అందుకే రెండో సెంబు. పేరు తెలీనోళ్ళకి ఆఖరున ఒక సెంబు పోస్తా. వానికి పోసినా. ఈ పొద్దే కాదు, పోయినేండ్లలో గూడా ఎవురెవురికో పోస్తానే ఉండా."

దావీదప్ప లోటా చాపాడు. ఆయమ్మ గరిటెతో పోసింది. నిలబడే తాగాడు. ఒకటి, రెండు, మూడు అని నేను లోపల లెక్కపెట్టుకున్నాను. మూడుకు ఆయన మొహం మెత్తబడింది. లోటా దించి, తుడుచుకోకుండా, మళ్ళీ చాపాడు. ఆయమ్మ రెండో లోటా పోసింది.

ఆ తర్వాత నెట్టుకున్నారు జనం. లోటా మర్చి వచ్చిన హనుమంతు దోసిలి పట్టాడు, దానిమ్మ గింజలు వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంటే తిట్టుకుంటూ ఏరుకున్నాడు. బజారమ్మ మూడు లోటాలు తాగి, "ఇంతసేపు ఏంటికి ఆపినారు, సల్లగయ్యేదానికా" అని అడిగింది. అందరూ తాగినాక నేను ఆఖరున పోయాను. ఆయమ్మ నా లోటాను నిండా పోసింది, అంచు దాటి నా చేతి మీద కారేదాకా.

"నాకు గూడా సెప్పి ఉండొచ్చు కదా బూబమ్మా" అన్నాను.

"నీకు తెలీదనుకోలేదు మే. మూడేండ్లుగా పేర్లు సెప్పింది నువ్వే కదా."

ఆమె మాత్రం ఆ రోజు చుక్క ముట్టలేదు. తొక్కల మూట కట్టుకుని, డేగిసా నెత్తికెత్తుకుని, మధ్యాన్నం బస్సుకు పోయింది. దావీదప్ప బస్సు దాకా డేగిసా మోస్తానంటే ఒప్పుకోలేదు. "నువ్వు మోస్తే కళాయి లేస్తాది" అంది.

ఆ ఏడు పీర్ల సరబత్తు మరిది చెప్పిన ఇంకొకరే కలిపారు. మిల్లులో ఆయమ్మ దాని గురించి పది రోజులు నోరెత్తలేదు. పదకొండో రోజు పత్తి ఏరుతూ, నన్ను చూడకుండా, "తీపి ముందర వచ్చిందంట" అంది. అంత సంతోషంగా ఆమెను ఎప్పుడూ చూడలేదు. మరుసటి ఏడు మరిదే వచ్చి పిలుచుకుపోయాడు.

1983 దాకా మా క్రిస్మస్‌కు వచ్చింది. ఆఖరి రెండేండ్లు దగ్గుతూ కలిపింది. పత్తి దుమ్ము. అప్పటికి డేగిసా దావీదప్పే మోసేవాడు. ఇంటికొక పండు ఆయనే తిరిగి అడిగేవాడు. ఆయమ్మ డేగిసా మీదికి వంగేటప్పుడు, పాటలు ఆపమని లోపలికి సైగ చేసేవాడు. ఆ కూటాల్లో విన్న వాక్యం మాట మళ్ళీ ఎత్తలేదు. మర్చిపోయాడని కాదు, ఆయన ఏదీ మర్చేవాడు కాదని చెప్పాను కదా.

84 మొదట్లో మిల్లు మూతబడింది. ఆ డిసెంబరులో పిలుద్దామని నేను ఆదోనికి పోయాను. ఇంటికి తాళం. పక్కింటామె చెప్పింది, ఎండాకాలంలోనే పోయిందని, మరిది వాళ్ళు గుంతకల్లు వైపు పోయినారని.

"ఆఖరికి నీళ్ళు ఇచ్చినారా ఆమెకు?" అని అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "ఇచ్చినాం. నేనే పోసినా నోట్లో. ఏంటికి?"

"ఏమీ లేదు. ఆమె పేరు ఏమి?"

"సరబత్తు బూబమ్మ."

"అట్ల నేనూ పిలుస్తుంటినే. అసలు పేరు?"

"ఏమో మే. అందరూ అట్లే పిలుస్తాండ్రి."

పదేండ్లు ఒకే బారులో కూర్చున్నాం. మా వాడ చచ్చినవాళ్ళందరి పేర్లూ నా దగ్గర రెండేసి సార్లు చెప్పించుకుంది. నేను ఒక్కసారి ఆమె పేరు అడగలేదు. పెద్ద పెద్ద తప్పులు చేసినవాళ్ళ గురించి చాలా మాట్లాడుకుంటాం. నాది ఇది.

మొన్న ఆ ప్లాస్టిక్ టబ్బు దగ్గర పిల్లలు అటు తిరిగినప్పుడు, నేను పోయి నిమ్మకాయలు రెండు పిండాను. ఒక చెంబు నీళ్ళు పోశాను. వంగడం ఈ నడుముతో కష్టం, అయినా వంగాను. నా మనవరాలు చూసేసింది.

"ఏమి అవ్వా, నీళ్ళు పోసి పలచన చేస్తాండావు?"

"రానోళ్ళకి" అన్నాను.

నేను ఆ టబ్బుకు చెప్పిన పేర్లు ఇక్కడ కూడా రాస్తున్నాను. నీళ్ళకే చెప్పాలి అంది ఆయమ్మ. కానీ నీళ్ళు తాగితే అయిపోతాయి, నేనూ ఎన్నాళ్ళో ఉండను, కాగితం ఉంటుంది. ఆ శనివారం పగలు చర్చి ముందు ఉన్నవాళ్ళు వీళ్ళు. రెండో లోటా తాగిన దావీదప్ప, ఆయన భార్య మరియమ్మ. మా అత్త సుంకమ్మ, నా పెనిమిటి ఏసేపు. రూతమ్మ, ఆమె మొగుడు నర్సప్ప. తిక్కమ్మ కొడుకు మాదన్న, కోడలు జయమ్మ. ఈరన్న భార్య నాగమ్మ. శాంతి మొగుడు ప్రకాశం. దేవదానం తల్లి ఎల్లమ్మ, తండ్రి రంగన్న. దోసిట్లో తాగిన హనుమంతు. మూడు లోటాలు తాగిన బజారమ్మ. వీళ్ళంతా పోయినారు. ఈరన్న కూతురు సుశీల, అప్పుడు ప్రకాశం చంకలో ఉన్న బిడ్డ గ్రేసు, నేను, ముగ్గురం ఉన్నాం.

అందరి పేర్లూ అయినాక, టబ్బులో ఇంకో చెంబు పోశాను. దానికి ఏమీ చెప్పలేదు.